కొళాయికి ఒకరు, ఛాంబరుకు మరొకరు

పాత ఇంట్లోకి అద్దెకు దిగేవాళ్లు గోడలు చూస్తారు, గాలీ వెలుతురూ చూస్తారు, అడ్వాన్సు ఎంతని అడుగుతారు. వాకిలి ఏ దిక్కున ఉందో కూడా చూస్తారు, మన విశ్వాసులే, పాస్టరుగారికి తెలియకుండా. గోడ లోపలి పైపులు ఏ కాలం నాటివని అడిగినవాళ్లను మాత్రం మేము ఇంతవరకు చూడలేదు. సొంత ఇల్లున్నవాళ్లూ అంతే. నలభై ఏళ్లలో పదిసార్లు సున్నం వేయించి, రెండుసార్లు టైల్సు పరిపించి, ఒకసారి గేటు మార్పించినవాళ్లు పైపు జోలికి ఒక్కసారీ పోయి ఉండరు. అది కంటికి కనపడదు. కనపడే రోజు వచ్చేసరికి గోడ ఉబ్బి, పెచ్చులూడి, కింది వాటావాళ్లతో తగాదా కూడా మొదలై ఉంటుంది.

భూమి హక్కుల గురించి, రిజర్వేషన్ల గురించి రాసే మన పత్రికలో పైపుల రిపేరు ఏమిటని కొందరు అడగవచ్చు. మా జవాబు ఇది. పాతబడిన పైపును ఎవరి చేత బాగుచేయిస్తున్నాం, ఏ పని వరకు ఒకరిని పిలిచి ఏ పనికి మరొకరిని పిలుస్తున్నాం, ఎవరికి ఎంత చేతిలో పెడుతున్నాం అన్నదాంట్లో కులం ఇంకా నిక్షేపంగా ఉంది. పిలిచేవాళ్లలో మనమున్నాం. పిలిస్తే వచ్చేవాళ్లలోనూ మనవాళ్లే ఉన్నారు. అందుకే ఇది మన సంగతి.

బెంగళూరులో మా సంఘం చుట్టుపక్కల ఉన్నవి ఎక్కువగా 1970లు, 80లలో లేచిన ఇళ్లు. ఇరవై ముప్పై సైటులో కింద ఒక వాటా, పైన ఒకటి, ఆపైన రేకుల గది. వాటి మధ్యలో కొన్ని పౌరకార్మికుల క్వార్టర్లు. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి తాతల కాలంలో వచ్చి, ఈ నగరాన్ని తవ్వి, కట్టి, ఊడ్చినవాళ్ల ఇళ్లివి. కొన్నేళ్లుగా వానలకు ముందు మా యువకులతో కలిసి ఇల్లిల్లూ తిరిగి పైపులు, ఛాంబర్లు చూస్తున్నాం. ఈ మాటలు ఆ తిరుగుడులో పుట్టినవే.

ఆ కాలం ఇళ్లలో వేసినవన్నీ జి.ఐ. పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు. పూత ఉన్నంతకాలం ఇనుముకు ఢోకా లేదు. అది అరిగిపోయాక తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది. మొదట పోయేది మర కోసిన చోట, అంటే ఎల్బోల దగ్గర, టీల దగ్గర. మర కోసినప్పుడు పైపు మందం తగ్గుతుంది, పూతా తెగుతుంది. బోరు నీళ్ల ఉప్పు దానికి తోడైతే లోపల గార కట్టుకుంటూ పోతుంది. మా పిల్లలు ఒక ఇంట్లో విప్పిన అర అంగుళం పైపులో పెన్సిలు దూరలేదు. ఆ ఇంటి అమ్మ పదేళ్లుగా మేడ మీది ట్యాంకుకు ఎత్తు చాలలేదనుకుని దాని కింద ఇటుకలు పేర్పిస్తూ వచ్చారు.

తెల్లవారి మొదటి చెంబు ఎర్రగా వస్తుందా? రెండు కొళాయిలు ఒకేసారి తిప్పితే ఒకటి ఆగిపోతుందా? గోడ మీది తడిమచ్చ ఎండాకాలంలో కూడా ఆరడం లేదా? ఈ మూడూ ఒకే ఇంట్లో ఉంటే ఇక అక్కడక్కడా అతుకులు వేయించడం డబ్బు దండగ. మన ఇళ్లలో అతుకు అంటే తెలిసిందే: ఎం-సీల్ ముద్ద, దాని మీద సైకిలు ట్యూబు ముక్క, ఆపైన కట్టుతీగ. అదీ నిలవకపోతే ఆ జానెడు ముక్క తీసి కొత్తది వేయిస్తారు. కొత్త ముక్క బిగించాలంటే పాత పైపును పట్టకారుతో తిప్పాలి. తిప్పితే పక్కనున్న తుప్పు జాయింటు కదులుతుంది. ఈ నెల వంటింట్లో ఆగిన కారుడు వచ్చే నెల బాత్రూములో మొదలవుతుంది. ప్లంబరు కావాలనే చేశాడని తిట్టుకుంటారు. చాలాసార్లు పాపం అతని తప్పేమీ ఉండదు. ముసలి పైపు తీరే అంత.

కారుడు ఉందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. రాత్రి పడుకునే ముందు అన్ని కొళాయిలూ కట్టేసి, సంపులోనూ మేడమీది ట్యాంకులోనూ నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. పొద్దున ఎవరూ లేవకముందే చూడండి. గీత కింద నీళ్లు దిగి ఉంటే అవి ఎక్కడికో పోతున్నాయి. ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి అరగంట ఆగితే, ఆ రంగు తనంతట తాను కమోడులోకి దిగుతుందో లేదో తెలుస్తుంది. సెకనుకు ఒక చుక్క పడే కొళాయి రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు లెక్కన అది నాలుగు లీటర్లకు పైమాటే. ఏమంత ఎక్కువ అనిపించవచ్చు. ట్యాంకరు వెనక బిందెతో పరిగెత్తినవాళ్లకు అది ఒక మనిషి రోజంతా తాగే నీళ్లు.

సన్నబడిన పైపుకు ఇంకో ఖర్చుంది, అది బిల్లులో కనపడదు. రెండు రోజులకొకసారి తెల్లవారుజామున నీళ్లు వదిలే వీధుల్లో, అరగంటలో నిండవలసిన సంపుకు రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. మేము అడిగిన ఏ ఇంట్లోనూ ఆ ఎవరో ఒకరు మగవాడు కాలేదు. తల్లి, లేకపోతే పరీక్షలకు చదువుకుంటున్న పెద్దమ్మాయి. పైపు మార్పించడానికి డబ్బులెక్కడివి అనే ఇంటాయన ఈ నిద్రకు కూడా వెల కట్టి చూడాలని మా మనవి.

అన్నిటికన్నా భయపడవలసింది ఇంట్లో లేదు, వీధి వాకిట్లో ఉంది. వీధి మెయిను నుంచి మన సంపు దాకా వచ్చే పైపు చాలా వీధుల్లో మురుగు మోరీని దాటుకునే వస్తుంది. కొన్నిచోట్ల మోరీలోనే పడుకుని ఉంటుంది. నీళ్లు వస్తున్నంతసేపూ లోపల ఒత్తిడి ఉంటుంది కనుక చిల్లు నుంచి నీళ్లు బయటికి కారతాయి. నీళ్లు ఆగగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లు నుంచి మోరీ నీళ్లు లోపలికి పోతాయి. పైగా లైనుకు నేరుగా మోటారు పెట్టి లాగేవాళ్లు వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ లాగుడుకు పక్కింటి చిల్లులోనూ మురుగే దూరుతుంది. వాళ్లు దొంగిలించేది నీళ్లు మాత్రమే అనుకోవడం పొరపాటు, పక్కవాడి ఆరోగ్యం కూడా. టైఫాయిడు, పచ్చకామెర్లు వీధి మొత్తానికి ఒకేసారి రావడం వెనక చాలాసార్లు ఇలాంటి మోరీ, ఇలాంటి చిల్లే ఉంటాయి. నీళ్ల ద్వారా వచ్చే కామెర్లలో హెపటైటిస్ ఇ అనే రకం గర్భిణుల ప్రాణాలకే ముప్పు తెస్తుంది. కొళాయి చివర నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం చెబుతుంది. మీ కొళాయిలో అది ఉందో లేదో పరీక్షించి చూపమని వార్డు ఆఫీసును అడిగే హక్కు మీకుంది. నలుగురు కలిసి అడగండి, ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు.

కాబట్టి డబ్బు కొంచెమే ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగినవాళ్లకు మేము చెప్పేది ఒకటే: మోరీ దాటే ఆ పైపుతో. దాన్ని మార్చి, మోరీకి పైన పోయేటట్టు ఎత్తి, చుట్టూ ఇంకో పెద్ద పైపు తొడిగిస్తే ఇంటికి సగం గండం తప్పుతుంది. తర్వాత మేడమీది ట్యాంకు నుంచి కిందికి దిగే నిలువు పైపు. బాత్రూము టైల్సు చివర. మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు టైల్సు వేయిస్తారు, రెండేళ్లకు వాటిని పగలగొట్టి పైపు వెతుకుతారు.

సామాను సంగతి క్లుప్తంగా. చన్నీళ్లకు యు.పి.వి.సి. సరిపోతుంది. గీజరు నుంచి వచ్చే లైనుకు సి.పి.వి.సి. కావాలి. మామూలు పి.వి.సి. వేడికి మెత్తబడుతుంది. సి.పి.వి.సి. పైపు మీద ఐ.ఎస్. 15778, తాగునీటి యు.పి.వి.సి. మీద ఐ.ఎస్. 4985 అని ముద్ర ఉంటుంది. దొడ్డి లైనుకు వాడే ఎస్.డబ్ల్యు.ఆర్. పైపుకు ఐ.ఎస్. 13592. ముద్ర లేని పైపు పది రూపాయలు తక్కువకు వస్తుందని తెచ్చుకోకండి. పి.వి.సి. పైపుల తయారీలో సీసం వాడకాన్ని తగ్గించి మాన్పించడానికి కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. సీసం పసిపిల్లల మెదడుకు చేటు. ముద్ర లేని సరుకులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. పాత రేకుల ఇళ్లలో ఆస్బెస్టాస్ పైపులు ఇంకా ఉన్నాయి. వాటిని సుత్తితో పగలగొట్టకండి, రంపంతో పొడిగా కోయకండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సరుగా బయటపడుతుంది. తడిపి, విప్పి, ముక్కలు చేయకుండా పక్కన పెట్టించాలి. కొత్త పైపులు వీలైనంతవరకు గోడ బయటే పోనివ్వండి. అందం తగ్గుతుంది, మరమ్మతు సులువవుతుంది. ఒక్కో వాటాకు ఒక్కో వాల్వు పెట్టించండి. గోడలో వేయక తప్పకపోతే పూత పూసేముందు ఒక ఫోటో తీసి దాచుకోండి, మీ తర్వాత ఆ ఇంట్లో ఉండేవాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు.

ఇక్కడి వరకు అందరికీ ఇష్టమైన సగం. కొళాయి, షవరు, స్టీలు సింకు. వచ్చిన నీళ్లు పోవాలి కదా, ఆ రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు.

పాత ఇళ్లలో దొడ్డి లైను పోత ఇనుముది, నేలలో పోయేది మట్టి గొట్టాలది. గాజు పూత పూసిన ఆ స్టోన్‌వేర్ గొట్టాలు రెండేసి అడుగుల ముక్కలు. ప్రతి రెండు అడుగులకూ ఒక సిమెంటు అతుకు. నేల కుంగినా, మీద ఆటో ఎక్కినా అతుకు పగులుతుంది. పగిలినచోట చెట్టు వేరు దూరుతుంది. నాలుగు అంగుళాల పైపు నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉంటే అంతా నీళ్లతో కలిసి సాఫీగా పోతుంది. వాలు చాలకపోతే మధ్యలో నిలుస్తుంది. పైన రేకుల గది వేసి ఇంకో కుటుంబాన్ని పెట్టినప్పుడు పైపు మాత్రం పాతదే. అందులోకి పాత గుడ్డలు, ప్యాడ్లు, గిన్నెల మడ్డి, సిమెంటు కడిగిన నీళ్లు. ఒకరోజు అది పొంగుతుంది, సాధారణంగా ఇంట్లో చుట్టాలున్నరోజు.

అప్పుడు ప్లంబరుకు ఫోను చేస్తాం. వస్తాడు. కొళాయి మారుస్తాడు, గీజరు బిగిస్తాడు, కొత్తదైతే కమోడు కూడా పెడతాడు. ఛాంబరు మూత ఎత్తమంటే మాత్రం "దానికి వేరే మనిషి ఉన్నాడు సార్, నంబరు ఇస్తాను" అంటాడు. ఆ వేరే మనిషి పేరు నంబరు ఇచ్చినవాడికి తెలిసి ఉండదు, పిలిచిన ఇంటివాళ్లు అడగరు. వస్తాడు, వెదురు బద్ద తెచ్చుకుంటాడు, బద్దకు అందకపోతే తానే దిగుతాడు. చొక్కా విప్పి గేటుకు తగిలిస్తాడు. వాషరు మార్చిన పది నిమిషాల పనికి మూడొందలు బేరమాడకుండా ఇచ్చిన చేయి, గుంతలో పూటంతా ఉన్నవాడు ఐదొందలు అడిగితే "అంతా?" అంటుంది. కొందరు పక్కగా ఒక క్వార్టరు సీసా ఇస్తారు, అది దయ అనుకుంటారు. మన మందిరాల్లో తాగుడు మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. తాగకుండా ఆ గుంతలోకి దిగగలరా అని అడిగిన ప్రసంగం మాకు గుర్తులేదు. కాళ్లు చేతులు కడుక్కోవడానికి అతనికి చూపించేది పెరట్లో గొట్టం. టీ ఇస్తే వాడి పారేసే కప్పులో. ఆ ఇంట్లో గోడమీద యేసు ప్రభువు శిష్యుల పాదాలు కడుగుతున్న క్యాలెండరు ఉండటం మేము చూశాం.

ఒకే ఇల్లు, ఒకే నీళ్లు, పైపు కూడా ఒకటే. కొళాయి దగ్గర అతను మేస్త్రీ, ఛాంబరు దగ్గర అతనికి పేరే లేదు. ఈ గీతను ఏ ఇంజనీరింగు పుస్తకమూ గీయలేదు.

ఆ గుంతలో ఏముంటుందో కూడా చెప్పుకోవాలి. మూసి ఉంచిన సెప్టిక్ ట్యాంకులో, మ్యాన్‌హోల్‌లో మలం కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడు కొంచెంగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గింది, ఇక భయం లేదు అనుకున్న క్షణమే ఊపిరి ఆగే క్షణం. ఒకడు పడిపోతాడు, వాణ్ణి లాగడానికి తమ్ముడు దిగుతాడు, తమ్ముడి కోసం పక్కింటివాడు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పోయిన వార్తలు ఎందుకు వస్తాయో ఇప్పుడు అర్థమవుతుంది. అగ్గిపుల్ల గీసి చూడటం, గంటసేపు మూత తెరిచి ఉంచడం రక్షణ అనుకోవద్దు. మీథేను ఉన్నచోట ఆ అగ్గిపుల్లే చంపుతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2013 నాటి పాకీపని నిషేధ, పునరావాస చట్టం ప్రకారం మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని దించడం నేరం. మున్సిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఐదేళ్లు, ఐదు లక్షల వరకు. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. ఇంత ఉన్నా ఐదొందలకు మనిషి దొరుకుతున్నాడు. దొరుకుతున్నాడు కాబట్టి పాత గొట్టం మార్పించాలని ఎవరికీ తోచడం లేదు. మనిషి ప్రాణం పైపు కన్నా చవకగా ఉన్నంతకాలం పైపులు మారవు.

దీనికి కోలార్ బంగారు గనుల కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. శివనసముద్రం నుంచి 1902లోనే ఆ ఊరికి కరెంటు వచ్చింది. మూడు కిలోమీటర్ల లోతులో పనిచేసే డ్రిల్లులకు పైపుల్లో గాలి పంపారు, గనిలో ఊరిన నీళ్లను పైపుల్లో పైకి తోడారు. బేతమంగళ చెరువు నుంచి తాగునీళ్లు పైపుల్లోనే తెచ్చారు. ఇంత పైపుల విద్య తెలిసిన ఊళ్లో కార్మికుల లైను ఇళ్ల మరుగుదొడ్లకు మాత్రం పైపు వేయలేదు. వాటికి మనుషులున్నారు. ఆ మనుషుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే మన తోటీల కుటుంబాలు. ఆ కుటుంబాల్లో ఒకదాంట్లో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ డబ్బాలను, చీపుర్లను ఎదిరించి సఫాయి కర్మచారి ఆందోళనను నడిపి, 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నారు. పొడి దొడ్లను నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చినా, ఆ ఊళ్లో అవి తర్వాత కూడా ఏళ్ల తరబడి నడిచాయి. 2001లో గనులు మూతపడ్డాయి. దొడ్లు మూతపడటానికి ఇంకా కాలం పట్టింది. బంగారం తీయడానికి దొరికిన ఇనుము మనిషిని విడిపించడానికి దొరకలేదు.

పైపు ఉన్నచోట ఆ మనిషి అవసరం తీరింది. పైపు పాతబడి పగిలినచోట మళ్లీ ఆ మనిషినే వెతుకుతున్నాం. ఇంటి ప్లంబింగు మా పరిచర్యలో భాగం ఎలా అయిందని అడిగేవాళ్లకు మేము చెప్పేది ఇంతే.

అద్దె ఇళ్ల సంగతి వేరుగా చెప్పాలి, మనవాళ్లలో ఎక్కువమంది అద్దెవాళ్లు కాబట్టి. "ఇల్లు మీదే అనుకోండి" అనే యజమాని పైపు పగిలిన రోజు "మీరు వాడిందే కదా, మీరే చేయించుకోండి" అంటాడు. ఖాళీ చేసేనాడు అడ్వాన్సులో రంగుకని ఒక నెల అద్దె కోస్తాడు, పైపుకని ఇంకో నెల. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షను, ఇప్పటికీ అమల్లో ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయకపోతే అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చని అందులో ఉంది. అందుకే అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు మరమ్మతుల లైను చదవాలి. వాట్సాప్‌లోనైనా తేదీతో ఫోటో పంపి అడగాలి. ముంబై దీవి నగరంలో 1969కి ముందు కట్టిన పాత అద్దె భవనాలకు సెస్సు వసూలు చేసి మరమ్మతు చేయడానికి మ్హాడా కింద ఒక బోర్డే ఉంది. అది ఎంత నిదానంగా కదులుతుందో వర్లీ, కామాఠీపురా తెలుగువాళ్లను అడిగితే చెబుతారు, అయినా అడగడానికి ఒక తలుపు ఉంది. చెన్నైలో పాత హౌసింగ్ బోర్డు ఇళ్లున్నవాళ్లకూ బోర్డు ఆఫీసు ఉంది. బెంగళూరు రేకుల గదిలో ఉన్నవాడికి యజమాని ఒక్కడే. యానాంలో ఉన్న మన సహోదరులు ఇంకో బాధ చెబుతారు: గోదావరి పొంగినప్పుడు నేలలో నీళ్లు పైకొచ్చి సెప్టిక్ ట్యాంకు తానే నిండుతుంది. ఎన్ని పైపులు మార్చినా దాన్ని ఇంటివాడొక్కడు ఆపలేడు. అది ప్రభుత్వం చేయవలసిన పని.

ఇక మా సంఘంలోనే వచ్చిన వాదం. యువకులకు ప్లంబింగు నేర్పిద్దామని, అందులో మురుగు లైను పని కూడా ఉండాలని మేము అన్నప్పుడు ఒక పెద్దాయన లేచారు. నలభై ఏళ్లు నగరపాలికలో పనిచేసి రిటైరైనవారు. "అయ్యగారూ, ఆ గుంతలోంచి మా పిల్లల్ని బయటికి లాగడానికి మేము ఎంత పడ్డామో మీకు తెలుసు. మళ్లీ మీరే వాళ్ల చేతికి ఆ బద్ద ఇస్తారా?" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్న న్యాయమైనది, దాన్ని దాటవేసే హక్కు మాకు లేదు. అవే చేతులు ఎందుకు ముట్టాలి, ఇన్నాళ్లూ ముట్టనివాళ్లు ముట్టరాదా అని ఆయన అడిగారు. ముట్టాలి. మేమూ అదే అంటున్నాం.

అయినా మా మాట వెనక్కి తీసుకోలేదు. ఒడిశాలో కేంద్రాపడా జిల్లా పట్టాముండై వైపు ఊళ్ల నుంచి వెళ్లిన ప్లంబర్లు దేశంలోని పెద్ద నగరాలన్నిట్లో ఉన్నారు. పట్టాముండైలో ప్రభుత్వ ప్లంబింగు శిక్షణ సంస్థ ఉంది. గల్ఫు దేశాలకూ అక్కడివాళ్లు వెళ్తున్నారు. పైపు పనే వాళ్ల ప్రాంతానికి గౌరవం తెచ్చింది. ఎందుకంటే వాళ్లు దాన్ని విద్యగా పట్టుకున్నారు. వాలు లెక్క, వెంట్ పైపు లెక్క, ఒత్తిడి పరీక్ష తెలిసినవాడు గుంతలోకి దిగడు. దిగే అవసరం రాకుండా లైను వేస్తాడు. మలుపు ఉన్న ప్రతిచోటా ఛాంబరు పెడతాడు, పై నుంచే రాడ్డు నడుపుతాడు, అవసరమైతే జెట్టింగ్ బండిని పిలిపిస్తాడు, రేటు కాగితం మీద రాసి ఇస్తాడు. పెద్దాయన చెప్పిన బద్దకు, దీనికి మధ్య ఉన్నది ఆ కాగితమే. అయినా ఆయన ఒప్పుకోలేదు. ఆయన మనవడు మాత్రం శిక్షణకు పేరిచ్చాడు. ఇంకా ఇద్దరు ఇచ్చారు, వాళ్ల కులాలు వేరు. అలా పేరిచ్చిన వాళ్లు ముగ్గురే అయినా, ఆ ఇద్దరి వల్ల మేము ఎక్కువ సంతోషించాం.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని మనం ఆరాధనలో చదవం, పేర్ల జాబితా అని దాటేస్తాం. యెరూషలేము గోడలో ఎవరు ఏ గుమ్మం బాగుచేశారో అందులో రాసి ఉంది. పెంట గుమ్మాన్ని, అంటే ఊరి మురికి బయటికి పోయే గుమ్మాన్ని, బాగుచేసినవాడు ఒక ప్రాంతానికి అధిపతి. అతని పేరు, తండ్రి పేరు, పదవి అన్నీ రాశారు. తెకోవ ఊరి ఘనులు పనికి మెడ వంచలేదని కూడా అదే అధ్యాయం రాసిపెట్టింది. ఎవరు ఏ పని చేశారో, ఎవరు చేయలేదో పేరుపేరునా రాసే అలవాటు మన సంఘ కమిటీలకు వస్తే బాగుండును.

కమిటీల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మన మందిరాలకు ముఖద్వారం ఆర్చికి, గ్రానైటు మెట్లకు, క్రిస్మస్ దీపాలకు చందా ఇట్టే లేస్తుంది. అదే మందిరం వెనక ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉండదు, ఫ్లష్ పనిచేయదు, బకెట్టులో నీళ్లుండవు. మూడు గంటల ఆరాధన, మధ్యాహ్నం భోజనాలు, అక్కడికి వెళ్లలేక నీళ్లు తాగకుండా కూర్చున్న అక్కచెల్లెళ్లు. కాపరి ఇంటి వెనక పోత ఇనుప పైపు పగిలి గోడంతా నాచు పట్టిన సంఘాలు మాకు తెలుసు. దాన్ని ఎవరు శుభ్రం చేస్తున్నారు, ఎంతకు చేస్తున్నారు అని వార్షిక సమావేశంలో లెక్కలతోపాటు అడగండి. జమాఖర్చుల పుస్తకంలో ఆ మనిషి పేరు రాసి ఉందో, "క్లీనింగ్" అని మాత్రమే ఉందో చూడండి.

మా సంఘంలో ఈ ఏడు రంగులకని తీసి పెట్టిన డబ్బును ఆపి, ఆడవాళ్ల మరుగుదొడ్డి లైను కొత్తగా వేయించాలని తీర్మానం రాశాం. ముగ్గురు పెద్దలు సంతకం పెట్టలేదు. మిగతావాళ్లు పెట్టారు. పని వచ్చే సోమవారం మొదలవుతుంది. కొళాయి లైను వేసే మేస్త్రీకి, ఛాంబరు కట్టి మురుగు లైను కలిపే మేస్త్రీకి ఒకే రోజుకూలి. భోజనం ఇద్దరికీ కాపరి ఇంట్లో, స్టీలు కంచాల్లో.